ఎక్కని కారే మేలైన కారు

కారు ఉన్నది ఎక్కడానికే అనుకునేవాళ్లు మన చర్చి పత్రిక చదివేవాళ్లలో ఈ రోజుల్లో కూడా ఉన్నారంటే నాకు జాలి వేస్తుంది. పాపం, ఎంత వెనకబడిపోయారో!

ఎక్కే కారు ఎవరికి లేదు? పిజ్జా తెచ్చే అబ్బాయికి ఉంది. గ్యాసు మీటరు చూసే ఆవిడకు ఉంది. మన చర్చిలో ఆర్గను వాయించే బ్రదర్ క్లీటస్‌కు కూడా ఉంది, అది స్టార్టయిన ఆదివారం మనం ప్రత్యేకంగా స్తోత్రం చెప్పుకుంటున్నాం. ఎక్కే కారులో ఏం గొప్ప ఉంది? ఎక్కకూడని కారు ఉండాలి. అదీ వైభోగమంటే!

అలాంటిది మన డెట్రాయిట్ కానంట్ గార్డెన్స్ పేటలో, మా ఇంటి గ్యారేజీలో ఉంది. పంతొమ్మిది వందల యాభై ఆరో సంవత్సరం నాటి నల్ల క్యాడిలాక్. ముందు ముగ్గురు, వెనక ముగ్గురు కాళ్లు చాపుకుని కూర్చునే బండి. నా భర్త ఓజెల్ నడిపినన్నాళ్లూ అది వట్టి కారు. ఆయన పోయాక చాలా ఏళ్లు దుప్పటి కప్పుకుని పడుకుంది. మా మనవడు డేరియన్ దాన్ని విప్పి, తోమి, మళ్లీ బిగించి, కొత్త పెళ్లికూతుర్ని చేశాడు. చేసి, ఇక ఎవరూ ఎక్కకూడదన్నాడు. దాని చుట్టూ ఎర్ర ముఖమల్ తాడు కూడా కట్టాడు. మన పాస్టరుగారి కుర్చీకి కూడా లేదు ఆ తాడు.

దీనివల్ల లాభాలు చెబుతాను వినండి.

ఎక్కని కారుకు ప్రమాదం జరగదు. పోలీసు ఆపడు. పెట్రోలు తాగదు. ఒకప్పుడు అది బంకులో తాగడం చూస్తే పెళ్లి విందులో మా పినమామగారు గుర్తొచ్చేవారు, గొట్టం తీసేస్తే అలిగేటట్టు ఉండేది. ఇప్పుడు కఠిన ఉపవాసం. ఇదివరకు ఆరాధన అయ్యాక కారు చుట్టూ జనం మూగేవాళ్లు, నన్ను ఫలానా వీధిలో దించండి, నా కూర గిన్నె ఫలానా వాళ్లింట్లో ఇచ్చేయండి అని. ఇప్పుడు ఆ పీడ లేదు. నేనే బస్సులో వస్తున్నాను. నా కూర గిన్నె నా ఒళ్లోనే ఉంటుంది. మోకాళ్లు అరిగాయనుకోండి, అయితేనేం, బస్సు డ్రైవరుతో మంచి స్నేహం కుదిరింది.

ఇంకో విశేషం. పాత కార్ల ప్రదర్శనకు వెళ్లాల్సి వచ్చినప్పుడు మా కారు రోడ్డు మీద నడవదు. చక్రాలకు మట్టి అంటుతుందట. అందుకని దాన్ని ఒక లారీ ఎక్కించి, తాళ్లతో కట్టి, పైన గుడ్డ కప్పి తీసుకెళ్తారు. ఇంత భోగం ఏ రాజుకు జరిగిందండీ? మనుషులు కారెక్కే రోజులు పోయి, కారు ఇంకో బండి ఎక్కే రోజులు వచ్చాయి. ఆ లారీ వెనకాల బస్సులో నేను. బస్సు కిటికీలోంచి దానికి చెయ్యి ఊపాను కూడా.

ప్రదర్శనలో డేరియన్ కారు కింద అద్దాలు పరిచాడు. ఎందుకురా అంటే, అడుగు భాగం కూడా ఎంత శుభ్రంగా ఉందో వచ్చినవాళ్లు వంగి చూడాలట. ఎనభై ఎనిమిదేళ్లదాన్ని, నాకు తెలిసిన మర్యాద నేను చెప్పాను. పెద్దమనిషి తరహా ఆడది ఎవతైనా తన కింద అద్దం పెట్టనిస్తుందా? వాడు నవ్వి, పిల్లల పళ్లు తోమే బ్రష్షుతో చక్రం తోముతూ కూర్చున్నాడు. వాడి పళ్లు ఇంత శ్రద్ధగా తోమించలేకపోయాను నేను.

అన్నిటికంటే పెద్ద లాభం చదువు. నేను బడికి వెళ్లింది తక్కువ. ఆ లోటు ఇప్పుడు తీరింది. ఆ తాడు పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు, దారిన పోయే ప్రతి మగవాడూ ఆగి, నా కారు గురించి నాకు పాఠం చెబుతాడు. కారు ఎవరిదని అడగడు. నాకు తెలుసా అని అడగడు. టోపీ వెనక్కి తోసుకుని మొదలుపెడతాడు.

అలా నేర్చుకున్నదే ఈ చరిత్ర. మన డెట్రాయిట్‌ను స్థాపించిన ఫ్రెంచి దొర పేరే ఈ కారుకు పెట్టారు. ఆయన అసలు పేరు వేరట. సముద్రం దాటి వచ్చాక గొప్ప ఇంటి పేరొకటి తగిలించుకుని, వంశ చిహ్నం కూడా తనే గీయించుకున్నాడట. ఆ చిహ్నమే ఇప్పటికీ కారు ముక్కు మీద మెరుస్తోంది. నాకేం ఆశ్చర్యం వేయలేదు. ఊరు మారి, పేరు మార్చి, మంచి కోటు కుట్టించుకుని పెద్దమనిషి అయినవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు. వాళ్ల పేరు ఇంకా ఎవరూ కారుకు పెట్టలేదు, అంతే తేడా.

పూర్వం ఒకసారి ఇంగ్లండులో మూడు క్యాడిలాకులను మరమేకులతో సహా విప్పేసి, ముక్కలన్నీ కుప్ప పోసి కలిపేసి, మళ్లీ మూడు కార్లు బిగిస్తే మూడూ చక్కగా నడిచాయట. దానికి బహుమతి కూడా ఇచ్చారట. ఇది విని నేను నిజంగా తలవంచాను. మన చర్చి భోజనాల తర్వాత గిన్నెలూ మూతలూ కలిసిపోతే ఈనాటిదాకా ఒక్క మూతా దాని గిన్నెకు చేరలేదు!

ఇనుప చువ్వతో తిప్పి స్టార్టు చేసే అవస్థ తప్పించి, కరెంటుతో స్టార్టయ్యే ఏర్పాటు మొదట తెచ్చింది కూడా ఇదేనని ఒకాయన చెప్పాడు. వెనక రెక్కలు యుద్ధ విమానాన్ని చూసి పెట్టారని ఇంకొకాయన చెప్పాడు. డ్యాష్‌బోర్డు మీద ఒక కన్ను ఉంటుంది, ఎదురుగా బండి వస్తే తనంతట తనే లైట్లు తగ్గిస్తుంది. చల్లగాలి యంత్రం డిక్కీలో ఉంటుంది, గాజులా కనిపించే గొట్టాల్లోంచి గాలి పైకెక్కి నెత్తిమీదికి దిగుతుంది. పెట్రోలు పోసే మూత ఎక్కడుందో కనపడదు, వెనక ఎడమ లైటును పైకెత్తితే దాని కింద ఉంటుంది. ఇది చెప్పినాయన, చెప్పేముందు నన్ను కనుక్కోమన్నాడు. నేను నా ముసలి మొహాన్ని ఇంకా ముసలిగా పెట్టి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగాను. కనుక్కోలేకపోయాను. ఆయన ఎంత సంతోషించాడో! మనవల్ల ఒకరికి అంత సంతోషం దొరుకుతుంటే ఎందుకు చెడగొట్టాలి?

వాళ్లు చెప్పని చరిత్ర కూడా కాస్త ఉంది. మా మామగారి రోజుల్లో మన నల్లవాళ్లు ఇలాంటి కార్ల షోరూము తలుపు తోస్తే, లోపలున్న పెద్దమనిషికి అప్పటికప్పుడు చెవుడు వచ్చేది. జేబు నిండా డబ్బున్నా సరే, ఎవరో తెల్లాయన కాళ్లు పట్టుకుని అతని పేరు మీద కొనిపించుకోవాలి. ఈ ముక్క తాడు పక్కన ఎవరూ చెప్పలేదు. వాళ్ల చరిత్రలో చోటు సరిపోలేదేమో. కారే అంత పొడుగాయె.

మా ఓజెల్ దీన్ని కొన్నది మిస్టర్ టాలివర్ దగ్గర. ఆయన అంత్యక్రియలు జరిపించే వ్యాపారి. చనిపోయినవాళ్ల కుటుంబాన్ని శ్మశానానికి తీసుకెళ్లే కారు ఇది, ముందు శవపేటికను తీసుకెళ్లే బండి ఇంకో క్యాడిలాక్. అందుకే నలుపు. అంతకు ముందు ఆ వెనక సీట్లో కూర్చున్న ప్రతివాళ్లూ ఏడ్చినవాళ్లే. అందులో మొట్టమొదట నవ్వింది మేమేనని ఓజెల్ చెప్పుకునేవాడు.

నవ్విందెవరో కూడా చెప్పాలి. ఓజెల్ అక్క, మా లూడీ వదిన.

ఆ రోజుల్లో వేసవి సెలవులకు అలబామాలో అత్తగారింటికి వెళ్లేవాళ్లం. దారిలో హోటళ్లు మనకు గది ఇవ్వవు, మరుగుదొడ్డి తాళం చెవి కూడా ఇవ్వవు. అందుకని కారే హోటలు. బూట్ల అట్టపెట్టెలో వేయించిన కోడి, ఉడికిన గుడ్లు, వెన్న కేకు. వెనక సీట్లో పిల్లలు అడ్డంగా, ముందు సీట్లో మేము నిలువుగా. ఆ కారు ఎందుకంత పొడుగు చేశారని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబుంది. చేసినవాళ్లకు తెలుసో తెలియదో, మేం పడుకోవడానికే చేశారు.

మిస్టర్ టాలివర్ ఆ కారు అమ్మేటప్పుడు ముందు సొరుగులో తన డ్రైవరు టోపీ ఒకటి వదిలేశాడు. నల్లది, ముందు మెరిసే అంచు ఉన్నది. పొరపాటున వదల్లేదు. "దక్షిణాదికి వెళ్తే ఇది పెట్టుకో. ఇంజను ఆయిలు కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది" అన్నాడు ఓజెల్‌తో.

పనికొచ్చింది. ఒకసారి పిల్లల్ని అత్తగారి దగ్గరే ఉంచి, నేనూ లూడీ వదినా వెనక సీట్లో కూర్చుని తిరిగొస్తుంటే, టెన్నెసీలో, ఒక పోలీసు వెంటపడి ఆపాడు. ఓజెల్ అప్పటికే టోపీ పెట్టేసుకున్నాడు. పోలీసు కారంతా చుట్టి చూసి, "ఎవరిదిరా ఈ కారు?" అన్నాడు.

"మా దొరగారిదండీ" అన్నాడు ఓజెల్. "డెట్రాయిట్ తీసుకెళ్తున్నాను."

"వెనక ఆడవాళ్లెవరు?"

"వంటవాళ్లండీ."

లూడీ వదిన జీవితంలో గుడ్డు కూడా సరిగ్గా ఉడకబెట్టలేదు. ఆవిడ్ని వంటమనిషి అనేసరికి లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే ఓజెల్ ప్రాణం మీదికి వస్తుంది. ఆవిడ ఒళ్లో అత్తగారిచ్చిన పీచ్ పళ్ల జామ్ సీసా ఉంది. నవ్వంతా ఆ సీసా మీద చూపించింది. మూత పట్టుకుని మెలిపెట్టింది, అది ఊడొచ్చి, జామంతా సీటు మీద. పోలీసు వెళ్లమన్నాక కారును చాలా దూరం పోనిచ్చాం. తర్వాత ఓజెల్ ఆ టోపీ తీసి సొరుగులో పడేసి, "అక్కా, నీ వంట నాకు తెలిసిపోయిందిలే" అన్నాడు. ఇక చూడండి. కారు పక్కకు ఆపి మరీ నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఓజెల్ కళ్లు తుడుచుకున్నాడు, ఎందుకో నేను అడగలేదు.

ఆ మరక వెనక సీటు ఎడమ పక్కన, అరచెయ్యంత, అలాగే ఉండిపోయింది. మా ఇంట్లో దానికి పేరు లూడీ చోటు.

బాగుచేసినప్పుడు డేరియన్ ఆ సీటు బట్ట మొత్తం తీసేసి, ఆనాడు కంపెనీ వేసిన రకమే ఎక్కడినుంచో తెప్పించి వేశాడు. టోపీ కూడా కంపెనీ ఇచ్చింది కాదని తీసి అటక మీద పెట్టాడు. వాడిని తిట్టకండి. వాడు ఆ కారును ప్రేమించినంతగా కొందరు పెళ్లాన్ని కూడా ప్రేమించరు. తాత చెయ్యి పెట్టిన చోటల్లా వాడు చెయ్యి పెట్టి మెరిపించాడు. తాతను మాత్రం ఎక్కడో తుడిచేశాడు, వాడికే తెలియకుండా.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. నవ్వకుండా వినండి.

లూడీ వదినకు తొంభై ఏళ్లు. సెవెన్ మైల్ రోడ్డు మీద పెద్దవాళ్ల అపార్టుమెంట్లో ఉంటోంది. ఈస్టర్ నుంచి మొన్నటిదాకా మీరెవరూ ఆవిడను చర్చిలో చూసి ఉండరు. తుంటి ఎముకలు అరిగాయి. చర్చి వ్యాను మెట్టు నిచ్చెన ఎక్కినట్టుంటుంది, కాలు లేవదు. మీ కొత్త కార్లు బావిలో దిగినట్టుంటాయి, దిగితే మళ్లీ లేవదు. పైగా వాటి కప్పు ఎంత కిందికో! టోపీ తీసి ఒళ్లో పెట్టుకోవాలి. తలుపు మూసేలోపు బీప్, బెల్టు పెట్టుకునేలోపు బీప్, కారే మనిషిని కసురుతుంది. లూడీ వదిన టోపీ తీసి చర్చికి వెళ్లడం నేను చూడలేదు, నేనే కాదు దేవుడూ చూడలేదు.

మొన్న స్త్రీల ఆదివారం ఆవిడను వేదిక మీదికి పిలిచి, మన సంఘంలో అందరికంటే పెద్ద తల్లిగా గౌరవిద్దామని మీరంతా అనుకున్నారు. నేనే వెళ్లి చెప్పాను. ఆవిడ, "ఓజెల్ కారులో అయితే వస్తాను" అంది. ఆ సీటు ఎత్తు ఆవిడ తుంటికి సరిగ్గా సరిపోతుంది. వెనక్కి తిరిగి, కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకుంటే అయిపోయింది.

ఆ కారు ఇప్పుడు ఎక్కే కారు కాదు వదినా అన్నాను.

"చూడు పిల్లా, ఏదో ఒక క్యాడిలాక్‌లో నేను చర్చికి రాక తప్పదు" అంది. "కూర్చుని వస్తానా, పడుకుని వస్తానా అన్నదే మిగిలింది. పడుకుని వచ్చే బండికి నాకేం తొందర లేదు."

నన్ను పిల్లా అని పిలిచే మనిషి భూమ్మీద ఆవిడ ఒక్కతే మిగిలింది. టీ బాగుంది అని చెప్పి వచ్చేశాను. టీ ఏమీ బాగాలేదు, ఆవిడ చేసిందే.

అదే ఆదివారం మధ్యాహ్నం వుడ్‌వర్డ్ రోడ్డు పక్కన పాత కార్ల ప్రదర్శన. న్యాయనిర్ణేతలు వస్తారు, బహుమతి ఇస్తారు. రెండేళ్లుగా డేరియన్ ఆ రోజు కోసమే బతుకుతున్నాడు. అడిగాను. వాడు పొద్దున్న చర్చికి తీసుకెళ్తే చక్రాలకు దుమ్ము, సీటుకు ముడతలు, కప్పుకు టోపీ ఈకలు అన్నాడు. ఇంకేదైనా అడుగు, ఇస్తాను అన్నాడు. మనుషుల కంటే కారు ఎక్కువైందా అన్నాను. అప్పుడు వాడు గుడ్డ కింద పెట్టి, నా వైపు చూశాడు.

"నానమ్మా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ముందు గదిలో సోఫా మీద నన్ను ఎప్పుడైనా కూర్చోనిచ్చావా?"

"కూర్చోకపోవడమేం, పండగలన్నిటికీ కూర్చున్నావు."

"దానికి తొడిగిన ప్లాస్టిక్ మీద కూర్చున్నాను. ఎండాకాలం నిక్కర్లేసుకుని కూర్చుంటే నా తొడల చర్మం సగం దానికే అంటుకుపోయేది. సోఫా ఎలా ఉంటుందో నాకిప్పటికీ తెలియదు."

ప్లాస్టిక్ వేరు, కారు వేరు అన్నాను. చుట్టాలొస్తారు, పాస్టరుగారొస్తారు, మంచి వస్తువు నాలుగు కాలాలపాటు మన్నాలి అన్నాను. ఇంకా చాలా అన్నాను. మీరందరూ నా వైపే ఉంటారు, మీ ఇళ్లలో ముందు గదులు నేను ఎరుగుదును. పిల్లలు గడప దగ్గరే ఆగిపోయే గదులు.

"తాత కూడా దాని మీద కూర్చోకుండానే పోయాడు" అన్నాడు వాడు. కోపంగా కాదు. మామూలుగా, చక్రం తుడుచుకుంటూ.

ఎక్కని కారు గొప్పదనం గురించి ఇంత రాసినదాన్ని, ఆ పూట వెళ్లి నా ముందు గది గడప దగ్గర నిలబడ్డాను.

శనివారం పొద్దున్న బట్టలు కుట్టే పెద్ద కత్తెర తీశాను. ముందు గది పరదాలు తీసి, సోఫా మీది ప్లాస్టిక్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు కోసేశాను. పందిని ఒలిచినట్టు వచ్చింది. లోపల పసుపు! కొన్న రోజున కొట్టులో నేను ముచ్చటపడిన అదే నిమ్మపండు పసుపు, ఎవరినీ ఎరక్కుండా, ఎండ తగలని ముఖంలా. దాని మీద కూర్చున్నాను. ఆ మాట ఎలా చెప్పను? మెత్తగా ఉంది. నా సోఫా మెత్తనిదని నాకు తెలియదు.

డేరియన్‌ను కేకేశాను. వేయించిన చేప, మీద ఎర్రటి కారం సాసు, పళ్లెంలో పెట్టి చేతికిచ్చాను. కూర్చోమన్నాను. వాడు గడప దగ్గరే నిలబడిపోయాడు. ఇంత పొడుగు మనిషి, గడ్డం ఉన్నవాడు.

"నాకు భయంగా ఉంది నానమ్మా" అన్నాడు.

కూర్చోమని మళ్లీ అన్నాను. అంచు మీద కూర్చున్నాడు. కాసేపటికి వెనక్కి వాలాడు. వాలగానే సాసు బొట్టు ఒకటి టప్పున సోఫా మీద పడింది. ఇద్దరం దాన్నే చూశాం. వాడు ఊపిరి కూడా తీయలేదు. నా చెయ్యి తడిగుడ్డ కోసం లేచింది, నిజం చెప్పాలిగా. లేచిన చెయ్యిని మళ్లీ ఒళ్లో పెట్టుకుని, చేప చల్లారిపోతోంది తిను అన్నాను.

వాడు తిన్నాడు. తింటూ తింటూ, "లూడీ నానమ్మ పొద్దున్న ఎన్నింటికి తయారవుతుంది?" అన్నాడు.

"ఆవిడ బుధవారం నుంచీ తయారుగానే ఉంది."

ఆదివారం అపార్టుమెంటు ముందు కారు ఆగితే, అక్కడి పెద్దవాళ్లంతా కుర్చీలు లాక్కుని వచ్చి కూర్చున్నారు. లూడీ వదిన తెల్ల గౌను, తెల్ల చేతి తొడుగులు, పళ్లెమంత అంచున్న తెల్ల టోపీ, దానికి మూడు ఈకలు. ఎవరినీ పట్టుకోనివ్వలేదు. వెనక్కి తిరిగింది, కూర్చుంది, కాళ్లు తిప్పుకుంది. టోపీ కప్పుకు తగలనేలేదు. పక్కన కూర్చుని నేను ఆవిడ ముఖం చూశాను. ఆవిడ సీటు తడిమి చూస్తోంది, ఎడమ పక్కన.

"నా చోటు ఏదిరా?" అంది.

"కొత్త బట్ట వేశాను లూడీ నానమ్మా. అప్పట్లో కంపెనీ వేసిన రకమే."

"కంపెనీ వేసింది నేనెందుకు అడుగుతాను? నేను వేసిందేది?"

వాడికి ఆ కథ తెలియదు. తాత జామ్ మరక అని చెప్పాడు, అంతే. పోలీసు సంగతి ఓజెల్ పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. దారి పొడుగునా లూడీ వదిన చెప్పింది. టోపీ సంగతి, దొరగారి సంగతి, వంటవాళ్ల సంగతి. వాడు అద్దంలోంచి ఆవిడనే చూస్తూ, లైటు పచ్చబడినా కదలలేదు. వెనకనుంచి హారన్లు. చివరికి వాడు, "ఆ టోపీ నా దగ్గరే ఉంది. తెచ్చి సొరుగులో పెట్టేస్తాను" అన్నాడు.

"పెట్టు. పెట్టుకోకు" అంది ఆవిడ.

స్త్రీల ఆదివారం ఎలా జరిగిందో మీరందరూ చూశారు, రాయను. ఆవిడ వేదిక మీద ఏం మాట్లాడిందో, ఎంతసేపు మాట్లాడిందో కూడా చూశారు. పాస్టరుగారు గడియారం చూసుకోవడం ఆవిడా చూసింది.

ఆరాధన అయ్యాక అదే బట్టలతో వుడ్‌వర్డ్ రోడ్డుకు వెళ్లాం. లారీ లేదు, గుడ్డ లేదు. మిగిలిన కార్లవాళ్లు, మేం రోడ్డు మీద నడిపించుకుంటూ రావడం చూసి, పాదాలకు చెప్పుల్లేకుండా పెళ్లికి వచ్చినవాళ్లను చూసినట్టు చూశారు. మన సంఘం వాళ్లు లూడీ వదిన ఒళ్లో పెట్టిన బహుమతుల్లో ఒకటి జామ్ సీసా. పీచ్. ఎవరు ఇచ్చారో నేను చెప్పను, మూత సరిగ్గా బిగించని మనిషి మన చర్చి వంటగదిలో ఒక్కతే ఉంది. మలుపు దగ్గర సీసా ఒరిగింది. ఒరగనిచ్చారా, ఒరిగిందా అని నన్ను అడక్కండి. నేను కిటికీలోంచి చెట్లు చూస్తున్నాను.

న్యాయనిర్ణేత పేరు మిస్టర్ విష్నెవ్‌స్కీ. సన్నగా, మర్యాదగా, తెల్ల చేతి తొడుగులు వేసుకుని వచ్చాడు. మన చర్చి ద్వారం దగ్గర నిలబెట్టినా పనికొచ్చే మనిషి. కారు చుట్టూ తిరిగాడు, అద్దంలో అడుగు చూశాడు, తలుపు తీశాడు. లోపల చాలాసేపు వంగి ఉన్నాడు. లేచి, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా, ప్రతి కారు దగ్గరా అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఈ కారు ఎవరిది?"

డేరియన్ నోరు తెరిచాడు. తెరిచి, మూసేసి, మడత కుర్చీలో కూర్చున్న లూడీ వదిన వైపు చూశాడు.

ఆవిడ తొందరపడలేదు. టోపీ సర్దుకుంది. టెన్నెసీలో ఆగిపోయిన జవాబు కదా, అన్నేళ్లు ఆగింది, ఇంకొక్క క్షణం ఆగలేదా?

"మాది" అంది. "అందరం ఎక్కే వచ్చాం."

మిస్టర్ విష్నెవ్‌స్కీ తల ఊపాడు. సీటు మీద మరక ఉందని, కప్పుకు ఈక అంటుకుందని, చక్రాలకు దుమ్ముందని చెప్పి, మర్యాదగానే మార్కులు తగ్గించాడు. నియమం నియమమే, ఆయన తప్పేం లేదు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, ఆ మరక దేనిదని అడిగాడు. పీచ్ జామ్ అని చెప్పింది లూడీ వదిన, కొత్తదీ, పాతదీ. సీటు బట్ట కొత్తది, పాతది తీసేశారుగా అన్నాడాయన.

"తీసినా పోలేదు" అన్నాడు మా డేరియన్.

బహుమతి వేరే కారుకు వచ్చింది. న్యాయంగానే వచ్చింది. దాని సీట్ల మీద ముడత లేదు, కప్పు మీద ఈక లేదు, లోపల మనిషి వాసన లేదు. దాని యజమాని దాన్ని ఎక్కి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదట. లారీ ఎక్కించుకుని తీసుకెళ్లిపోయాడు. పాపం, తను ముందు సీట్లో, కారు వెనక.

కాబట్టి నా సిద్ధాంతం నేను మార్చుకోను. ఎక్కని కారే మేలైన కారు! దానికి మరక ఉండదు, మచ్చ ఉండదు, బహుమతులు వస్తాయి. మరక లేని సీటు ఎక్కడ కనిపించినా గౌరవించండి. అక్కడ ఎవరూ కూర్చోలేదన్నమాట.

మా కారు ఆ గౌరవం పోగొట్టుకుంది. ముఖమల్ తాడు లూడీ వదిన పట్టుకుపోయింది, కిటికీ పరదాకు కట్టుకుందట. ఇక చెడిపోయిన కారును దాచి ఏం ప్రయోజనం? అందుకని డేరియన్ ప్రతి నెలా మొదటి ఆదివారం దాన్ని వీధిలోకి తీస్తానంటున్నాడు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు, తుంటి అరిగినవాళ్లు, వ్యాను మెట్టు ఎక్కలేక ఇంట్లో కూర్చుని రేడియోలో ప్రసంగం వింటున్నవాళ్లు, దయచేసి మాకు ఫోన్ చేసి విసిగించకండి. పొద్దున్నే తయారై మీ గేటు ముందు నిలబడితే చాలు. నల్ల కారు, ముక్కు మీద ఎవరిదో అరువు తెచ్చుకున్న వంశ చిహ్నం, వెనక ఎడమ పక్కన జామ్.

టోపీ మాత్రం తీయకండి. పైన చోటు చాలా ఉంది.